ముత్యమ్మ కట్టిన వాసెన

"పిట్టే! ఖాయంగా పిట్టే!" అని ఫోన్‌లో మేడమ్ అరిచిన అరుపుకు నిషిత చేతిలోని జొన్నరొట్టె సగం పెనం మీద, సగం పొయ్యి మీద పడింది.

నైట్ షిఫ్ట్ దిగి బూట్లు విప్పుతున్న హరినాథ్ "ఏమైందే?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. నిషిత పిండి చేతులతోనే మొగుడి మెడ పట్టుకుని గంతులేసింది. పెళ్లయి రెండు నెలలు. ఆమె గంతులకు కారణం అడగడం అతను ఎప్పుడో మానేశాడు.

ఈసారి మాత్రం కారణం ఉంది. వలస పిట్టలు రాత్రిళ్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఎగురుతాయి. ఆ పిలుపులను రికార్డు చేసే సర్వేలో, నిషితకు జువాలజీ చెప్పిన మేడమ్ వీళ్లుండే పాశమైలారాన్నీ చేర్చింది. నిషిత ఇరవై రాత్రులు మిద్దె మీద మైకు పెట్టినా ఫ్యాక్టరీ బ్లోయర్ల మోతే దొరికింది. ఈ శనివారంలోగా ఒక్క కూతైనా పంపకపోతే ఈ ఊరిని తీసేస్తానంది మేడమ్.

హరినాథ్ నీలం డ్రమ్మొకటి సగానికి కోసి తెచ్చాడు. మైకును దాని అడుగున పెట్టి మిద్దె మీద ఉంచితే పక్కల మోత తగ్గింది. అంతలో ముసురు పట్టుకుంది. తడవకుండా ప్లాస్టిక్ కవర్ కప్పితే, గాలికి పటపట, చినుకులకు టపటప.

నిన్న పొద్దున చూస్తే కవర్ లేదు. అత్త ముత్యమ్మ రాత్రి దాన్ని పీకేసి, పాత నూలు చీర ముక్కను తొక్కు జాడీకి వాసెన కట్టినట్టు డ్రమ్ము మూతికి బిగించింది. అంతా పోయిందనుకుని నిషిత, గుడ్డ సంగతి రాసి, రికార్డింగ్ వినకుండానే మేడమ్‌కు పంపేసింది.

"మబ్బు దిగింది కదా, పిట్టలూ కిందికొచ్చాయి. గుడ్డ మీద చినుకు చప్పుడే లేదు. పదకొండు కూతలు! మీ ఊరు సర్వేలో ఉన్నట్టే!" అంటోంది మేడమ్.

"అత్తమ్మా, గుడ్డెందుకు కట్టినవ్?"

"డ్రమ్ముల నువ్వేం ఊరబెట్టినవో నాకేం ఎర్క బిడ్డా? ప్లాస్టిక్ కడ్తే చెమ్మ పట్టి బూజొస్తదని కట్టిన."

హరినాథ్ గోడకు ఆనుకుని పడీపడీ నవ్వాడు. నిషిత ఫోన్‌ను అత్త చెవి దగ్గర పెట్టింది. "చిస్సిక్... చిస్సిక్..." ముత్యమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"గింత లొల్లిల గింత సన్న గొంతా!"

ఇంకోసారి విన్నది. మూడోసారీ విన్నది. తర్వాత కొంగు నడుముకు చెక్కుకుంది.

"అరేయ్, ఇంకో డ్రమ్ము కొయ్యి. రేపు పొద్దుగాల్నే కర్దనూర్ పోదాం, మా అక్క మిద్దె మీద పెడ్దాం. వాసెన మాత్రం నేనే కడ్త."