కళ్ళు తప్ప

నగ్మాకి జనం పిచ్చి. బ్రాడీపేటలో ఆటో దిగేవాళ్ళు, కోచింగ్ సెంటర్ మెట్ల మీద కునికేవాళ్ళు, ఎవరు దొరికినా కెమెరా ఎత్తేది. మొన్న మిర్చి షెడ్డుకి వెళ్ళింది. తొడిమలు తీసే ఆడవాళ్ళంతా ఘాటుకి తట్టుకోలేక కళ్ళు తప్ప ముఖమంతా గుడ్డ చుట్టుకుంటారు. వట్టి కళ్ళతో ఫోటో ఏం బాగుంటుందని టీ వచ్చేదాకా కాచుకుని కూర్చుంది. టీ తాగాలంటే గుడ్డ దించక తప్పదు కదా. ఒకామె దించి, ఎందుకో నవ్వింది.

ఆ నవ్వుకి ఫేస్‌బుక్‌లో లైకులే లైకులు. ఎక్కడండీ ఇది అని ఎవరో అడిగితే, పొంగిపోతూ షెడ్డు పేరూ రోడ్డూ రాసిపెట్టింది మహాతల్లి.

ఈ ఉదయం ఆ షెడ్డులో కూలీల ముఠా మేస్త్రి ఎలీసమ్మ ఫోన్ చేసింది.

"ఎంత పని చేశావమ్మాయ్. నువ్వు ఫోటో తీసిన ఆ శివపార్వతి, మొగుడు చంపబోతే మార్టూరు నుంచి పారిపోయొచ్చింది. ఎక్కడుందో పుట్టింటోళ్ళకి కూడా చెప్పలా. నీ ఫోటో పట్టుకుని ఆడు బస్సెక్కాడంట."

నగ్మా పోస్టు తీసేసి, పోలీసులకి ఫోన్ చేసింది. వస్తున్నామన్నారు. స్కూటీ మీద తనే ముందు చేరింది.

వాడు అప్పటికే షెడ్డులో ఉన్నాడు. ఫోను చేతిలో పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగి చూస్తున్నాడు.

"ఆ పేరుగలోళ్ళు ఇక్కడ లేరయ్యా, పో," అంటోంది ఎలీసమ్మ.

"టీ రానీ. నేనే చూసుకుంటా," అని మిరపబస్తా మీద కూర్చున్నాడు.

నగ్మా చున్నీ ముఖానికి బిగించుకుని ఆడవాళ్ళ వరసలో దూరి కూర్చుంది. టీ వచ్చింది. ఒక్కరూ గుడ్డ దించలేదు. గ్లాసులన్నీ చల్లారిపోయాయి. పోలీసుల జాడ లేదు.

పక్కనున్నామె చేతుల్లోంచి మిరపకాయలు జారిపోతున్నాయి. ఎంత వణుకు! వాడు అది చూసి బస్తా మీంచి లేచాడు.

నగ్మా తన ఒళ్ళోని కాయలన్నీ నేల మీద పారబోసుకుని, దొరికిపోయినదానిలా ముఖం గోడవైపు తిప్పుకుంది. నటించే పని లేకపోయింది. భయంతో ఒళ్ళంతా దానంతటదే వణుకుతోంది. చెప్పుల చప్పుడు ఆమె వెనకే వచ్చి ఆగింది.

"లెయ్యవే పార్వతీ," అన్నాడు.

నగ్మా లేచింది.