ఏడో రాయి పైన

కొండక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి! ఇరవై ఆరేళ్లుగా వారం వారం అదే కొండ ఎక్కి, అడుగు నుంచి శిఖరం దాకా నంబర్లు వేసి పాతిన పన్నెండు రాళ్ల దగ్గరా ఆగి, బొటనవేలి గోరంత కప్పల్ని లెక్కపెడుతున్న మనిషి. అటవీ ఆఫీసువాళ్లు ఆ పేరు పెట్టింది అందుకే. ఇవాళ వచ్చి నోటీసు బోర్డు చూస్తే ఏముంది? కప్పల రక్షణకు మూడో రాయి నుంచి ఆరో రాయి దాకా కంచె వేస్తారట. తొమ్మిదో రాయి నుంచి పైనంతా హోటలుకు ఇచ్చేస్తారట. సాయంత్రం నాలుగింటికి సంతకాలట.

ఆరో రాయి దగ్గర కప్ప అరుపు విని నాలుగేళ్లయింది. ఎండలు ముదిరి, కింది ఊటలు ఎండిపోయి, కప్పలు ఏటికేడు పైకి జరుగుతూ వచ్చాయి. ఇప్పుడున్నవన్నీ పదో రాయి, పదకొండో రాయి దగ్గరే. ఆ సంగతి ప్రతి వారం కార్డు మీద రాసి ఇస్తూనే ఉంది.

బురద చెప్పులతోనే రికార్డుల గదిలోకి దూసుకుపోయింది. అక్కడి గుమాస్తా ఆవిడ సొంత తమ్ముడే.

"ఏరా, నా కార్డులన్నీ ఏ గంగలో కలిపావు?"

"అరవకక్కా. ఏడో రాయి దాటినవన్నీ కొట్టేసి ఆ సొరుగులో పడేస్తాం. కప్పల పటంలోకి ఎక్కించం. అది రూలు."

"ఏ బుద్ధిలేని మనిషి పెట్టిన రూల్రా అది?"

తమ్ముడు బీరువా తలుపు తెరిచి, లోపల అంటించిన పాత కాగితం చూపించాడు. 'ఏడో రాయి పైన కప్ప ఉందని ఎవరు రాసినా అది చూసినవారి పొరపాటే. కొట్టేయండి.' కింద సంతకం కొండక్కదే.

తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ల కిందట కొండ కాపలాదారు ఒకాయన, ఎనిమిదో రాయి దగ్గర కప్పను చూశానని చెప్పాడు. "కళ్లజోడు మార్చు బాబాయ్" అని పడీపడీ నవ్వి, ఆ మధ్యాహ్నమే ఈ కాగితం రాసింది. పాపం, ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు రాసిన రూలు నీకే తెలియదనుకుంటానా?"

సొరుగు ఊడబెరికి చంకన పెట్టుకుని, ఆ కాగితం ఊడదీసుకుని ఆఫీసరు గదికి వెళ్లింది. ఆయన రెండూ చూశాడు.

"కార్డులే నిజమైతే రూలు మీ తప్పని రాసివ్వండి. కానీ రాశాక మీ లెక్క ఎవరూ నమ్మరు. అయినా కప్పలకేమండీ, ఇంకాస్త పైకి జరుగుతాయి."

"ఎక్కడికండీ జరిగేది?" కొండక్క బల్ల మీద చరిచింది. "రాళ్లు పన్నెండే! ఆ పైన కొండే లేదు!"

ఆయన చేతిలో పెన్ను లాక్కుని, పాత సంతకం కిందే రాసింది: 'తప్పు నాది. కాపలాదారు చూసింది నిజం.'

సంతకాలు ఆగాయి. లెక్క మళ్లీ తీయిస్తామన్నాడు ఆఫీసరు. కొత్త మనిషి చేత. ఆవిడ ఇక కొండ ఎక్కనక్కర్లేదట.

తమ్ముడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "పోనీలే అక్కా, వచ్చేవాడెవడో..."

"ఎవడో ఒకడొస్తాడు. వాడు పన్నెండో రాయి దగ్గర కప్పను చూశానని రాస్తాడు చూడు, అప్పుడు నువ్వు నవ్వావంటే పళ్లు రాలగొడతాను."