గాలి తొక్కినవాడు

కుడి తిత్తి కిందికి దిగేలోపు ఎడమ తిత్తి పైకి లేవాలి. పనంటే అంతే. యోస్ట్ తలపైనున్న అడ్డకర్రను రెండు చేతులా పట్టుకుని, తిత్తుల పైచెక్కలకు మేకులు కొట్టి బిగించిన చెక్కజోళ్లలో పాదాలు దూర్చి, ఒక కాలు దించుతూ రెండో కాలు ఎత్తుతూ ఉన్నచోటే నడుస్తున్నాడు. గోడకు అవతల ఆర్గన్ మోగుతోంది. మోగుతోందని అతనికి తెలిసేది పాదాల కింది వణుకును బట్టే. తిత్తుల గదికి అడ్డంగా రెండు మూరల మందాన రాతిగోడ ఉంది. దాన్ని దాటి ఇటు వచ్చేది పాట కాదు, పక్కింట్లో ఎవరో జబ్బుమనిషి మూలుగుతున్నట్టు ఒక రొద. పైగా తోలు కీచుమంటుంది, చెక్క కిర్రుమంటుంది, అతని రొమ్ము బుసకొడుతుంది. పెళ్లయిన ఏడాది ఈ గదిలోకి ఎక్కాడు. ఇప్పుడు పళ్లు సగం ఊడాయి. వాల్డ్‌బ్రుక్ ఊళ్లో కుక్కలు కూడా చర్చి గుమ్మంలో పడుకుని ఆ ఆర్గన్ విన్నాయి. దానికి గాలి పోసినవాడు మాత్రం ఒక్కసారీ వినలేదు.

ఊరికి కావలసింది అతను కాదు, అతని బరువు. వయసులో ఉన్నప్పుడు గడ్డివాములా ఉండేవాడు. అప్పటి చర్చి పెద్దలు సంతలో ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చూసి, "వీడైతే తిత్తి దిగుతుంది" అని పనిలో పెట్టారు. ఇప్పుడు కండ కరిగిపోయింది. పైచెక్క అతన్ని లక్ష్యపెట్టడం మానేసింది. అందుకని భార్య వెరెనా అతని కోటుకు లోపలివైపు పెద్దపెద్ద జేబులు కుట్టింది. రైన్ నది ఒడ్డున ఏరిన గుండ్రాళ్లు వాటినిండా వేసుకుని వచ్చి తొక్కుతాడు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవడికుంది?

యోస్ట్‌కు కూడా ఊరంటే అంతే మర్యాద. తిత్తుల గదికి బయటివైపు బెత్తెడు సందు ఉంది. తొక్కుతూ అందులోంచి చర్చి ముందున్న అంగడివీధిని చూస్తుంటాడు. నిరుడు ఇదే వీధిలో పునీతుల బొమ్మల ముందు మోకాళ్లు అరగదీసినవాళ్లు, ఈ ఏడు బొమ్మలు పాపమనే కొత్తమతం రాగానే అవే బొమ్మలను పొయ్యిలోకి మోసుకుపోయారు. ఆ మంట మీద వండుకున్న కూర రుచిగా ఉందని కూడా చెప్పుకున్నారు. పాత ఫాదర్లు మంచివాళ్లని యోస్ట్ ఏనాడూ అనడు. వాళ్లు జనం నెత్తినెక్కి పాట పాడించారు. కొత్తవాళ్లు పాట మాన్పించి అదే నెత్తినెక్కారు. నెత్తి మాత్రం మారలేదు.

ఆర్గన్‌కు ఇవాళే ఆఖరు. కొత్తమతానికి పుట్టిల్లయిన జ్యూరిక్‌లో ఆర్గన్ నోరు మూయించారని తెలిసినప్పటి నుంచి వాల్డ్‌బ్రుక్ నగరసభకు కంటిమీద కునుకు లేదు. మొన్నటిదాకా దాన్ని దేవుడి గొంతు అన్న పెద్దమనుషులే ఇప్పుడు సైతాను పిల్లనగ్రోవి అన్నారు. పొద్దుటి ప్రార్థనతో సరి. సాయంత్రం వడ్రంగి వచ్చి దాని తగరపు గొట్టాలు ఊడదీస్తాడు. ఆ తగరం కరిగించి నగరసభ విందులకు చెంబులు పోయిస్తారట. దేవుడికి పనికిరాని తగరం ద్రాక్షసారాకు పనికొచ్చింది.

అవతలి నుంచి గోడ మీద తట్టిన చప్పుడైంది. ప్రార్థన అయిపోయిందని దానర్థం. యోస్ట్ జోళ్లలోంచి పాదాలు లాక్కుని, మెట్ల మలుపు చుట్టి ఆర్గన్ ముందువైపుకు వచ్చాడు. ఇన్నేళ్లలో ఎవరూ పిలవకుండా అతను అక్కడికి వచ్చింది ఇదే మొదలు.

ఆర్గన్ వాయించే మాగ్నుస్ రోర్ వేళ్లు విరుచుకుంటున్నాడు. తెల్లటి, మెత్తటి వేళ్లు. మెడలో నిన్నటిదాకా వేలాడిన వెండి గొలుసు లేదు, కొత్తమతం వాళ్లలాగా నల్లకోటు తొడిగాడు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. ఆర్గన్ పోతున్నా అతనికి లోటు లేదు. చేపల అంగట్లో తక్కెడ మీద అధికారిగా సభవారు అప్పుడే వేసేశారు.

"ఏరా, ఇటొచ్చావ్? పని సంగతైతే సభవాళ్లనడుగు. నాకేం తెలీదు."

"అది కాదండయ్యా. వడ్రంగి వచ్చేలోపు ఒక్క పాట వాయించండి. నేను కింద కూర్చుని వింటాను."

మాగ్నుస్ అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు కింద కూర్చుంటే తిత్తి ఎవడు తొక్కుతాడ్రా, మీ తాతా?"

"మా ఆడది తొక్కుతుందండి."

"నీకెందుకురా పాట? ఇన్నేళ్లూ పక్కనే ఉన్నావుగా."

"ఉన్నానండి. గాడిద గంధపుచెక్కలు మోసినట్టు."

మాగ్నుస్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే మూలకు చూశాడు. అక్కడ బట్టలపెట్టెంత వాద్యం ఒకటి ఉంది. మీట నొక్కితే లోపల తీగ మోగుతుంది. చలికాలంలో సాధనకని చర్చివాళ్లు ఎప్పుడో కొన్నది. దాని సంగతి సభవారు ఇంకా పట్టించుకోలేదు.

"సరే, ఒక పని చెయ్యి. ఆ పెట్టె మా ఇంటికి చేర్చు. గోనె కప్పు. ఎవరైనా అడిగితే పిండి అను. మధ్యాహ్నం వచ్చి వాయిస్తాను, పో."

నిన్న సభలో వాద్యాలన్నీ సైతాను పన్నిన వలలని బోధకుడు అంటే, అందరికంటే ముందు తల ఊపినవాడు ఈ మాగ్నుసే. ఇప్పుడు ఆ వలల్లో ఒకటి గుట్టుగా ఇంటికి పంపుకుంటున్నాడు. చేపల అంగట్లో ఉద్యోగం కదా, వల అక్కరకొస్తుందేమో. యోస్ట్ ఈ ముక్క పైకి అనలేదు. అంటే పాట పోతుంది. నడుం వంచి పెట్టెను వీపుకెత్తుకున్నాడు.

చర్చి మెట్లు నత్తగుల్లలా మెలితిరిగి ఉంటాయి. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా గోనె కింద తీగలు జంయ్యిమన్నాయి. కోటు జేబుల్లో రాళ్లు తీసేద్దామా అనుకున్నాడు గాని, ఎవరైనా చూస్తే పరువు పోతుందని అలాగే మోశాడు. పరువంటే అదీ. పైన దొంగసొత్తు, లోపల రాళ్లు, అయినా చూసేవాళ్ల కంటికి తను బరువైన మనిషిగానే ఉండాలి.

అంగడివీధి మొగలో రొట్టెలమ్మే అగాథ నోరు ఊరుకోదు.

"ఏం మోస్తున్నావు యోస్టూ?"

"మాగ్నుస్ అయ్యగారి పాపాలు."

"అబ్బో, మోగుతున్నాయే."

"కొత్తగా మతం మారాయి కదమ్మా, ఇంకా సర్దుకోలేదు."

అగాథ పొట్ట పట్టుకుని నవ్వింది. యోస్ట్ నవ్వలేదు, ఊపిరి చాలలేదు. నీళ్ల తొట్టి దగ్గర పెట్టెను గట్టుకు ఆనించి నిలబడ్డాడు. ఎడమ రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. రాత్రి తిన్న పాత జున్ను మీద నెపం పెట్టి, రెండు దోసిళ్ల నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాడు. మాగ్నుస్ భార్య తలుపు ఓరగా తీసి పెట్టెను లోపల పెట్టించుకుంది. కూర్చోమనలేదు సరిగదా, గుమ్మం మీది అతని కాలిమట్టిని వెంటనే ఊడ్చేసింది.

ఇంటికొచ్చేసరికి వెరెనా వరిగ జావ కలుపుతోంది. లావాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, ఎంత మాటకైనా వెంటనే జవాబు. అతను బల్ల దగ్గర కూలబడి, ప్రతి ప్రార్థన తర్వాతా అడిగే మాటే అడిగాడు.

"ఇవాళెలా ఉంది?"

"ఎప్పట్లాగే. పాలు పోసినట్టుంది."

"నీ మొహం. నీకేం తెలుసు."

పెళ్లయిన ఏడాది నుంచి ఆ ఇంట్లో నడుస్తున్న సంభాషణ ఇది. అతను అడుగుతాడు, ఆమె పాలు పోస్తుంది, అతను నీ మొహం అంటాడు. ఆమె నిజమే చెబుతోందో, జావ చల్లారకుండా నోరు మూయిస్తోందో అతనికి ఎప్పుడూ తేలలేదు. తేల్చుకోవడానికి ఇవాళ తప్ప ఇంకో రోజు లేదు.

"పద. నువ్వు తొక్కుతావు, నేను వింటాను. అయ్యగారు ఒప్పుకున్నాడు."

"నేనా? నీకేమైనా పిచ్చా? నా మోకాళ్లు చూశావా?"

"ఒక్క పాటే వెరెనా."

అతను ఆమెను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. వెరెనా గరిటె కింద పెట్టింది.

"అయితే ఆ రాళ్లకోటు నాకిస్తావా?"

"నీకు రాళ్లెందుకే. నువ్వున్నావుగా."

"చాల్లే. ఎండిపోయిన గడ్డివాము నన్నంటోంది" అంటూనే తలగుడ్డ సవరించుకుని బయల్దేరింది.

మాగ్నుస్ భోంచేసి, కునుకు తీసి, పళ్లు కుట్టుకుంటూ తీరిగ్గా వచ్చాడు. అప్పటికి పొద్దు వాలుతోంది. వెరెనా జోళ్లలో పాదాలు దూర్చుకునే తీరు యోస్ట్ రెండుసార్లు చూపించి, విసుక్కుని, మెట్లు దిగి చర్చిలోకి వచ్చాడు. ఖాళీ చర్చి. బొమ్మలు పీకేసిన గోడలకు తెల్లసున్నం వేశారు. వెరెనా రోజూ కూర్చునే ముక్కాలిపీట మూడో స్తంభం పక్కన ఉంది. దాని మీద కూర్చుంటే కోటులో రాళ్లు డొక్కల్లో గుచ్చుకున్నాయి. కోటు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

పాట మొదలైంది.

అది ఒక దిక్కు నుంచి రాలేదు. కప్పు నుంచి, స్తంభాల నుంచి, కాళ్ల కింది రాయిలోంచి ఒక్కసారిగా వచ్చి చుట్టుకుంది. యోస్ట్ నోరు తెరిచాడు. ఇంత పెద్దదా ఇది? ఇంత మెత్తనిదా? గోడ వెనక మూలిగిన జబ్బుమనిషి ఇతనేనా? కింది స్వరాలు రొమ్ములోకి దిగి అక్కడున్న పిడికిలిని మెల్లగా విప్పినట్టనిపించింది. పై స్వరాలు పొద్దుటెండలా సున్నపు గోడల మీద పాకాయి. ఆ తెల్లవేళ్ల మాగ్నుస్‌కు, ఆ నంగనాచికి, ఇంత అందం ఎక్కడిదని ఒళ్లు మండింది. కళ్లు నిండాయి. రెండూ ఒకేసారి జరిగాయి.

అంతలో పాటకు ఎక్కిళ్లొచ్చాయి.

వెరెనా కాలు మార్చింది. మార్చిన ప్రతిసారీ స్వరం ఒక్క క్షణం కుంగి, ఉలిక్కిపడి లేస్తోంది. సాగే పాట కాస్తా గతుకుల బాట మీద బండి అయింది. యోస్ట్ ముందు విసుక్కున్నాడు. తర్వాత ఆగిపోయాడు. తను తొక్కినన్నాళ్లూ ఈ ఎక్కిలి లేదన్నమాట. లేదు గనకే ఊళ్లో ఒక్కడూ దాని మాట ఎత్తలేదు. లేనిదాన్ని ఎవడు మెచ్చుకుంటాడు? విన్నది వెరెనా ఒక్కతే, చెప్పిందీ ఆమే. పాలు పోసినట్టు.

వెధవకి అదృష్టం పట్టలేదు. జీవితానికి ఒక్క పాట దొరికితే అదైనా కుదురుగా కూర్చుని వినాలా వద్దా? పాడైపోతుంటే చూస్తూ కూర్చోవడం అతనికి చేతకాలేదు. ఒళ్లోని కోటు పీట మీద పడేసి, మెట్ల మీద పడి, గోడ పట్టుకుని దేక్కుంటూ పైకెక్కాడు.

"దిగు."

"ఏమైంది? కూర్చుని వినరాదూ?"

"ఎలా వినేది, నువ్వు కుంటిగుర్రంలా గెంతుతుంటే. పో, నీ పీట మీద కూర్చో. నువ్వే విను. నీకే అలవాటు."

వెరెనా అతని మొహంలోకి చూసింది. తిట్టిన మాటలాగా లేదు. జోళ్లలోంచి దిగింది. ఆర్గన్ చీదినట్టు ఒక చప్పుడు చేసి ఆగింది. గోడవతల మాగ్నుస్ "గాలి!" అని అరిచాడు. యోస్ట్ పాదాలు దూర్చాడు.

ఆమె మెట్లు దిగుతుండగానే పాట సర్దుకుంది. చివరి మెట్టు దగ్గరకొచ్చేసరికి ఎక్కడా అతుకు లేదు, గతుకు లేదు. రోజూ వినేదే. ఇవాళ మాత్రం ఆమె ఆగి, ఒకసారి పైకి చూసి, తర్వాత పీట దగ్గరకొచ్చింది. పీట మీద కోటు ఉంది. పక్కన పెడదామని ఎత్తబోతే బరువుకు చెయ్యి కిందికి లాగేసింది. రాళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

అంటే అక్కడ పైన ఒట్టి ఎముకలతో తొక్కుతున్నాడు.

వెరెనా కోటును రెండు చేతులా కావలించుకుని మెట్లెక్కింది. మోకాళ్లు వద్దంటున్నా ఎక్కింది. సగం మెట్ల దగ్గర ఉండగా స్వరం సన్నబడింది. ఎక్కిలి లేదు, ఉలికిపాటు లేదు. పాత్రలో పాలు అయిపోతున్నట్టు ధార సన్నగిల్లి, ఇంకా సన్నగిల్లి, ఆగిపోయింది.

పైన మాగ్నుస్ గోడను కాలితో తన్నాడు. "ఒరేయ్ ముసలాడా, గాలేదిరా? పడుకున్నావా?" మళ్లీ తన్నాడు. "ఆఖరి రోజు కూడా బద్ధకమే" అని మూత ధనాలున వేసి దిగివస్తూ, మెట్ల మలుపులో వెరెనాకు ఎదురయ్యాడు. అతని దగ్గర అప్పుడే చేపల వాసన వేస్తోంది.

"నా మాట నేను చెల్లించానని మీ ఆయనకు చెప్పు. సగంలో మానేసింది వాడే."

వెరెనా గోడకు ఒదిగి దారి ఇచ్చింది.

తిత్తుల గదిలో యోస్ట్ నిలబడే ఉన్నాడు. రెండు మోచేతులూ అడ్డకర్ర మీదుగా వేసి, తల వాల్చి, అలుపు తీర్చుకుంటున్నవాడిలా ఉన్నాడు. కుడిపాదం జోడులో ఉంది, ఆ తిత్తి అడుగుకు దిగిపోయింది. ఎడమపాదం జారి గాలిలో వేలాడుతోంది. వెరెనా కోటు తీసి అతని భుజాల మీద కప్పింది. రాళ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి.

"పాలు పోసినట్టుంది" అంది.

అతను నీ మొహం అనలేదు. ఆమె ఆ మాట కోసం కాసేపు ఎదురుచూసింది. కింద వడ్రంగి తలుపు తోసుకుని వచ్చిన చప్పుడు, సంచిలోంచి పనిముట్లు రాతిమీద గుమ్మరించిన చప్పుడు వినిపించాయి. పైన ఎడమ తిత్తి మీది ఖాళీ చెక్కజోడు, లోపల మిగిలిన కాస్త గాలితో, మెల్లమెల్లగా కిందికి దిగుతూనే ఉంది.