ఎదుగుదల ఆగేదాకా

వడ్రంగి కూతురికి పన్నెండో ఏట రెండు పాలపళ్ళు వారం తేడాతో ఊడాయి. పైవరసలో ముందుపళ్ళ జంటకి చెరోపక్కా ఉండేవి. ఊడిన పన్ను మళ్ళీ వస్తుందని లోకమంతా ఎరుగును గనక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది గడిచింది. పళ్ళు రాలేదు. పిల్ల నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం వచ్చింది.

"మా వైపు ఎవరికీ ఇలా ఆలస్యం కాలేదు" అంది నాయనమ్మ, కోడలి వంక చూస్తూ.

పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుతురుకి పెట్టి చూపించింది. "పన్ను మొలక ఇక్కడ ఉండాలి. లేదు. అటువైపూ లేదు. ఈ రెండిటికీ మొలక పుట్టుకతోనే పడలేదు."

"లోపలెక్కడన్నా అడ్డంగా ఇరుక్కుందేమోనండీ" అన్నాడు వడ్రంగి.

"ఇరుక్కోడానికైనా ఉండాలి కదండీ. ఇది వంశంలో వస్తూంటుంది. మీరిద్దరూ ఓసారి నోరు తెరవండి."

తల్లికి అన్నీ ఉన్నాయి. వడ్రంగి మీసం కాస్త పైకెత్తి చూసి డాక్టరమ్మ తలూపింది. "మీకూ లేవు. మీ కోరపళ్ళు ముందుకి జరిగి ఆ చోటు మూసేశాయి, అంతే."

వడ్రంగి నలభై రెండేళ్ళుగా ఆ నోటితోనే తింటున్నాడు. ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు.

"పదిహేనేళ్ళ కాపురం. నేనూ చూడలేదు" అంది భార్య. ఇల్లు చేరాక అత్తగారికి ఆ సంగతి చాలా నెమ్మదిగా, వివరంగా, రెండుసార్లు చెప్పింది.

"నాకు ముప్పై రెండూ ఉండేవి" అంది నాయనమ్మ. ఇప్పుడున్నవన్నీ కట్టుడుపళ్ళే కాబట్టి రుజువు అడగడానికి లేదు. "మీ మామగారి పోలికేమో." మామగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన కాదనలేదు.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. కోరపళ్ళని ముందుకి లాగి, అరగదీసి, లేని పళ్ళలా మలచడం ఒకటి. పిల్ల కోరపళ్ళు మరీ పొడుగు, రంగు కూడా ముదురు, అందుకని అది నప్పదంది. రెండోది, క్లిప్పులు వేసి ఖాళీలు సరిచేసి ఉంచి, తర్వాత దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పన్ను పెట్టడం.

"తర్వాతంటే ఎప్పుడు?" అంది పిల్ల.

"నీ ఎదుగుదల ఆగాక. ఇప్పుడే బిగిస్తే స్క్రూ ఉన్నచోటే ఉండిపోతుంది. చుట్టూ ఎముక, పళ్ళు కిందికి దిగుతాయి. నాలుగేళ్ళకి ఆ పన్ను పైకెక్కిపోయినట్టు కనిపిస్తుంది."

"పచ్చి చెక్కతో తలుపు చేసినట్టన్నమాట" అన్నాడు వడ్రంగి.

"అంతేనండీ" అంది డాక్టరమ్మ. ఆవిడ ఎప్పుడూ తలుపు చేసి ఉండదు.

అప్పటిదాకా పెట్టుకోమని, అంగిలికి అతుక్కునే ప్లాస్టిక్ బిళ్ళకి రెండు పళ్ళు అమర్చి ఇచ్చారు. తినేముందు తీసెయ్యాలి. పిల్ల ఓ రోజు బడిలో దాన్ని కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టుకుంది. తినేశాక బిళ్ళ కాగితంతో పాటు చెత్తలోకి వెళ్ళింది.

కబురందగానే వడ్రంగి కొట్టు మూసి వెళ్ళాడు. బడి వెనక పద్నాలుగు చెత్తసంచులు కట్టిపెట్టి ఉన్నాయి. మొదటిది విప్పుతూండగా ఊడ్చే ఆవిడ వచ్చింది.

"ఏం వెతుకుతున్నారు?"

"పళ్ళు."

"ఎన్ని?"

"రెండు."

ఆవిడ చేతులకి తొడుగులు వేసుకుని రెండో సంచి విప్పింది. తొమ్మిదో సంచిలో దొరికాయి. పిల్ల అంతసేపూ గోడవారన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది.

"కోపం రాలేదా నాన్నా?" అంది దారిలో.

"పోలిక నాది. వెతకాల్సిందీ నేనే" అన్నాడతను. ఆ మాట సరదాకి అనలేదు.

క్లిప్పుల పని అయ్యాక డాక్టరమ్మ బిళ్ళ తీసేయించి, పక్కపళ్ళ వెనకాల సన్నటి రెక్కతో అతికే పళ్ళు పెట్టింది. అవి రెండుసార్లు ఊడాయి, రెండుసార్లూ అతికారు. ఇక మిగిలింది పిల్ల ఎదగడం మానడమే.

అదే కుదరలేదు. నెలకోసారి వడ్రంగి కూతుర్ని కొట్టు గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద బద్ద పెట్టి, పెన్సిలుతో గీత గీసేవాడు. బిడ్డ ఎదిగిందంటే ఎవరైనా మురిసిపోతారు. ఆ ఇంట్లో మాత్రం ప్రతి అరంగుళం ఓ దుర్వార్త. పదిహేనుకి తల్లిని దాటింది, పదిహేడుకి తండ్రిని.

"దానికి తిండి తగ్గించండి" అంది నాయనమ్మ.

ఎవరూ తగ్గించలేదు. పద్దెనిమిది దాటాక గీత ఎనిమిది నెలలు ఒకేచోట పడింది. వడ్రంగి ఆ శుభవార్త డాక్టరమ్మకి చెప్పాడు. ఎత్తు ఆగితే చాలదని, ఏడాది తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలు ఒకేలా ఉండాలని ఆవిడ అంది. ఏడాది ఆగారు. రెండూ ఒకేలా ఉన్నాయి.

మత్తు సూది వేసి ఒకే పూటలో రెండు స్క్రూలూ బిగించారు. ఎముక వాటిని పట్టుకోడానికి నాలుగు నెలలు. ఆ తర్వాత పళ్ళు వచ్చాయి. డాక్టరమ్మ బిగించి, అద్దం ఇచ్చింది. పిల్ల అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వడ్రంగి వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఎడమది వెంట్రుకవాసి పొడుగుందండీ."

"లేదండీ" అంటూ డాక్టరమ్మ కొలిచింది. మళ్ళీ కొలిచింది. నునుపు రాయి తీసుకుని రుద్దింది.

ఇంటికి నడిచే వెళ్ళారు. పిల్ల దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. కాలేజీలో కొత్తగా వచ్చిన లెక్కల మేడమ్, ఆవిడ కళ్ళజోడు, ఆవిడ రాత ఎవరికీ అర్థం కాకపోవడం. చేతులు రెండూ ఆ కళ్ళజోడు ఎంతదో చూపించే పనిలో ఉన్నాయి. వడ్రంగికి మధ్యలో ఓ మాట చెప్పాలని ఉంది. సందు దొరకలేదు.