రెండు సైలెన్సర్ల కారు

రోజూ నర్సుల్ని ఎక్కించుకుని కొండ మీది ఆసుపత్రికి చేర్చడం, డ్యూటీ దిగినవాళ్లని ఇళ్లకు దింపడం డ్రైవరమ్మ పని. పెళ్లికి ముందే సొంతంగా కొనుక్కున్న చిన్న కారు ఆవిడది. మొగుడు ఎన్నన్నా నోరు విప్పేది కాదు. మింగిన కోపమంతా కారు సైలెన్సర్‌లోంచి బయటికి పోయేది. వీధిలో అందరికీ తెలిసిందే. కారు గుర్రుమంటూ వెళ్తుంటే పక్కింటావిడ, "ఇవాళ గట్టిగానే తిడుతోంది పాపం," అనుకుని కిటికీ మూసేది. ఉన్నది ఒక్కటే గొట్టం కాబట్టి మాటలన్నీ కలగాపులగమై, ఏం తిడుతోందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆవిడ జ్వరంతో పడుకున్న రోజు చూసి, మొగుడు కారు తీసుకెళ్లి వెనక రెండు లావుపాటి సైలెన్సర్లు బిగించుకొచ్చాడు.

"ఇవెందుకండీ?"

"దర్జాగా ఉంటుంది. రేపు నా స్నేహితుడొస్తాడు. బేరం కుదిరితే ఇచ్చేస్తా."

"నా కారునా?"

"నీదీ నాదీ ఏంటే? ఇంట్లో ఉన్నవన్నీ నావే. ఇక ఇంటిపట్టున పడుండు."

గొంతుదాకా వచ్చినదాన్ని ఆవిడ మళ్లీ మింగింది.

సైలెన్సర్ల సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద ఇంజన్‌కి రెండు గొట్టాలు పెడితే పొగ సులువుగా బయటపడి, బండి పరుగందుకుంటుంది. చిన్న ఇంజన్‌కి అంత లావువి తగిలించారా, లోపల పొగ నెమ్మదించి కింది గేర్లలో లాగుడు చచ్చిపోతుంది. చదును మీద ఒకటే గర్జన, ఎత్తు కనబడితే నీరుగారడం. అచ్చం కొందరు మగమహారాజుల్లాగే అనుకోండి!

మర్నాడు స్నేహితుడొచ్చి, "కొండెక్కించి చూపించరా," అన్నాడు. దారి అలవాటని మొగుడు డ్రైవరమ్మనే నడపమని, పక్కన దర్జాగా కూర్చున్నాడు. స్నేహితుడు వెనక సీట్లో.

సగం ఎత్తులో కారు ఆయాసపడింది. తొక్కేకొద్దీ అరుపే తప్ప కదలిక లేదు. రెండు గొట్టాలయ్యేసరికి మాటలు విడివిడిగా, ఖంగుమని వినబడ్డాయి.

"నా కష్టంతో కొన్న బండి!" అంది ఎడమ గొట్టం.

"అమ్మడానికి నువ్వెవడివిరా?" అంది కుడిది.

స్నేహితుడు ముందుకి వంగాడు. "చెల్లెమ్మా, కారు నీదా?"

"దాన్నడుగుతావేంట్రా? నన్నడుగు," అన్నాడు మొగుడు.

ఆవిడ హ్యాండ్‌బ్రేక్ లాగింది.

"నాదే అన్నయ్యా. అమ్మను."

గొట్టాలు రెండూ ఠక్కున మూగపోయాయి. ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

"దిగండి."

"ఏంటే?"

"బండి లాగట్లేదు. బరువు తగ్గాలి."

"నడిరోడ్డు మీదా? నన్నా?"

"దిగమన్నానా!"

ఈసారి అరుపు నోట్లోంచే వచ్చింది. ఆయన దిగాడు. వెనకాయన మోకాళ్లు దగ్గరికి లాక్కుని, "నన్నెక్కడ దింపినా ఫర్వాలేదు చెల్లెమ్మా," అన్నాడు.

కారు మెల్లగా పైకెక్కింది. ఆసుపత్రి గేటు దగ్గర స్నేహితుడు దిగిపోతే, ఇళ్లకు వెళ్లే నర్సులు ఎక్కారు. కిందికి వస్తుంటే దారి పక్కనుంచి మొగుడు చెయ్యెత్తాడు.

"అక్కా, మీ ఆయన కదూ?"

"అవునమ్మా," అంటూ ఆవిడ గేరు మార్చి, ఆపకుండా ముందుకి పోనిచ్చింది.