వంటింటి దారి

మునిలక్ష్మమ్మకు లోకంలో ఒక్కటే పెద్ద భయం: చంకలో బిడ్డ ఉండగా కాలు జారుతుందేమోనని. ఎనిమిది నెలల పిల్ల. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక, చింతామణి పక్కన కొత్తగా కడుతున్న కాన్పుల ఆసుపత్రి పనికి పిల్లను ఎత్తుకునే వచ్చేది.

గేటు నుంచి వార్డు దాకా, అక్కణ్ణుంచి దిగువన వంటింటి దాకా దారి వేయాలి. వంటింటి వైపంతా ఏటవాలు. మేస్త్రీ నరసింహప్ప ఏటి నుంచి రెండు బండ్ల తెల్లని గులకరాళ్ళు తోలించాడు.

"మల్లెమొగ్గలు పరిచినట్లుంటాది. ఓపెనింగుకు వచ్చే పెద్దోళ్ళు నోరు తెరిచి చూడాల."

మునిలక్ష్మమ్మ ఒక రాయిని అరచేతిలో దొర్లించి చూసింది. ఏ పక్కా పట్టు లేదు. గంప కింద పెట్టేసింది.

"ఇవి వద్దప్పా. గుండురాయి మీద గుండురాయి నిలవదు. క్వారీలో చిన్న కంకర ఉండాది, గుట్ట కింద ఎర్ర గరుసు మట్టి ఉండాది. రెండూ కలిపి, నీళ్ళు చల్లి దిమ్మిస కొడితే అరుగు మాదిరి కూర్చుంటాది."

"మూడో క్లాసు ఇడిసిపెట్టినదానివి, నాకు ఇంజినీరువా?"

"చదివింది మూడేనప్పా. చెప్పుల్లేకుండా నడిచింది నీకన్నా ఎక్కువ."

ఆడకూలీలు పకపకా నవ్వారు. మేస్త్రీ మొహం కందగడ్డయింది.

"నవ్వుతాండారా! పని కావాల్నా వద్దా?"

"కావాల," అంది మునిలక్ష్మమ్మ. "ముందు ఏటవాల్లో నాలుగు గంపలు పోస్తాం. చెప్పులిప్పి, నెత్తిన నిండు కడవ పెట్టుకొని నువ్వు దిగప్పా. చుక్క తొణక్కపోతే రెండు బండ్లూ నేనే మోస్తా."

నరసింహప్ప దిక్కులు చూశాడు. అప్పుడు కెంపమ్మ లేచింది. వంటింటి నుంచి వార్డుకు వేడినీళ్ళు మోసే పనికి కుదిరిన ముసలామె. ఒక కన్ను మసక.

"రేపట్నుంచీ దినామూ తిరిగేది నేను గదా. నేనే దిగుతా."

మూడో అడుగుకే రాళ్ళు కదిలాయి. మునిలక్ష్మమ్మ ఒక చేత్తో పిల్లను అదుముకుని, రెండో చేత్తో ముసలామె రెక్క పట్టుకుంది. కడవ పగిలింది.

"ఇవే మసిలే నీళ్ళయితే?" అంది మునిలక్ష్మమ్మ.

"గేటు కాడ మాత్రం నా మల్లెమొగ్గలే" అని గొణుగుతూ మేస్త్రీ ఎర్ర మట్టి కోసం బండ్లు గుట్ట వైపు తిప్పించాడు.

మూడు రోజుల్లో ఏటవాలు గట్టిపడింది. నాలుగో నాడు కెంపమ్మ నిండు కడవతో దిగింది. చుక్క తొణకలేదు.

కానీ పని ముగిసి మునిలక్ష్మమ్మ బాగేపల్లి రోడ్డు పనికి బయల్దేరిన రోజు, మిగిలిన గులకరాళ్ళు వంటింటి పక్కనే కుప్పగా ఉన్నాయి. "ఓపెనింగు ముందర ఈ ఏటవాలు మీద వీటిని పల్చగా చల్లితే ఎట్లుంటాది?" అని మేస్త్రీ ఎవరితోనో అనడం ఆమె చెవిన పడింది.

గేటు దగ్గర నుంచే అరిచింది: "చల్లి చూడప్పా! మళ్ళీ వస్తా, గంపతో ఎత్తి నీ వాకిట్లో పోస్తా!"

బిడ్డకు జ్వరం తగిలి ఆమె ఇంతవరకూ అక్కడికి తిరిగి పోలేకపోయింది. మీలో ఎవరైనా అటు వెళ్తే, చెప్పులిప్పి ఆ వంటింటి దారి ఒకసారి తొక్కండి. కెంపమ్మ ఎలా ఉందో చూసి రండి.