బల్లి పలికిన బరువు

నెలలో రెండో బుధవారం వస్తోందంటే బు గియెమ్, అంటే గియెమ్ అమ్మగారి, మోకాళ్ళకి ముందే తెలిసిపోతుంది. ఆ రోజు పొద్దున్నే కెడుంగ్‌వరు పేట సావడి ఊడ్చాలి. చాపలు పరవాలి. కొబ్బరిపాలు పోసి పెద్ద గిన్నెడు పెసల జావ కాచాలి. అన్నిటికంటే కష్టమైన పని, ముక్కాలి పీట ఎక్కి దూలానికి కాటా వేలాడదీయాలి. అయిదేళ్ళలోపు పిల్లల్ని తూచే ఈ పని ఇరవై నాలుగేళ్ళ కిందట ఆమె తలకెత్తుకుంది. జీతం లేదు. ఏడాదికోసారి యూనిఫాం గుడ్డ ఇస్తారు, అదీ ఎప్పుడూ ఆమెకి నప్పని రంగే.

కాటా అంటే పొడుగాటి కడ్డీ. ఒక కొసన పిల్లని కూర్చోబెట్టే సంచి, రెండో కొసన ఆ ఉత్త సంచి బరువుకి సరిపడా ఇసక మూట. పిల్ల కూర్చున్నాక కడ్డీ మీది గుండుని జరుపుకుంటూ పోతే, అది సమంగా నిలిచిన చోట బరువు తెలుస్తుంది. అందుకే తూకం మొదలుపెట్టేముందు ఉత్త సంచితో కడ్డీ సమంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇది గియెమ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆమే నేర్పుతుంది.

దూలం వెనక ఒక టోకెక్ బల్లి ఉంది. జానెడు పైన పొడుగు, ఒంటినిండా నారింజ చుక్కలు. పిల్లని సంచిలో కూర్చోబెట్టగానే అది బరువు పలుకుతుంది. ఎనిమిది కిలోల పిల్లకి ఎనిమిదిసార్లు ‘టోకే’. పైన అరకిలో ఉంటే చివర్న ఉత్త ‘టో’ అని ఆగిపోతుంది. గ్రాముల జోలికి పోదు. తల్లులు వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టుకుంటారు, గియెమ్ కాటా చూసి రాసుకుంటుంది. రెండూ ఎప్పుడూ ఒకటే కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. మధ్యలో మోటారు సైకిలేదైనా దడదడలాడుతూ పోయి లెక్క తప్పితే మాత్రం దాని మీద వెళ్ళేవాణ్ణి తిడతారు.

పోయిన నెల జిల్లా నుంచి కొత్త సంచి వచ్చింది. దళసరి నీలం గుడ్డ, ఇనప రింగులు, బకిళ్ళు. ఇన్నాళ్ళూ వాడిన పాత బట్టసంచి మాసికలు పడి, పిల్లల ఉచ్చకి రంగు వెలిసిపోయింది. దాన్ని తీసి సావడి లౌడ్‌స్పీకర్ మీద కప్పారు. ఆ నెల పేటలో పిల్లలందరూ బ్రహ్మాండంగా పెరిగారు. బరువు కార్డుల్లో ఒక్కరి గీతా కింద పడలేదు. గ్రామాధికారి అదే లౌడ్‌స్పీకర్లో ఆ మాట మూడుసార్లు చెప్పాడు. పట్నంలో పెద్దల చేతుల మీదుగా పేటకి ప్రశంసాపత్రం ఇప్పిస్తానన్నాడు.

ఆ నెలే బల్లి ప్రతి పిల్లకీ ఒక పలుకో అర పలుకో తక్కువ పలికింది.

“పాత సంచి తీసేశామని అలిగింది” అన్నారు తల్లులు. “గొంతు పోయింది పాపం, ముసలిదైపోయింది” అన్నారు ఇంకొందరు. ఆ మాట గియెమ్‌కి గుచ్చుకుంది. బల్లి ముసలిదైతే తనూ ముసలిదైనట్టే. ఇద్దరూ ఒకే ఏడు ఈ సావడికి వచ్చారు.

ఈ నెల ఆమె చేతిసంచిలో ఒక కాగితం ఉంది. వయసు పైబడింది, మోకాళ్ళు సహకరించడం లేదు, ఇంకెవరినైనా చూసుకోండి అని రాసిన కాగితం. ముప్పై ఒక్కమంది పిల్లల్ని తూచాక నర్సు బు నింగ్రుమ్ చేతిలో పెట్టేసి వెళ్ళిపోదామనుకుంది.

ముప్పైమంది అయిపోయారు. జావ గిన్నె అడుగంటింది. చివరికి, అందరూ ఎంబా, అంటే అవ్వా, అని పిలిచే తుమినా తన మనవరాలు లారస్‌ని చంకన వేసుకుని వచ్చింది. పిల్లకి పద్నాలుగు నెలలు. తల్లి తైవాన్‌లో ఎవరో ముసలాయనకి సేవ చేస్తోంది. పిల్ల ఆలనాపాలనా అమ్మమ్మ తాతయ్యలదే.

“ఇంత ఆలస్యమా ఎంబా? జావ అయిపోయింది” అంది గియెమ్.

“నీ జావకి వస్తానా నేను? పేరుకి పెసలు, ఊరికే నీళ్ళు.”

“నీళ్ళని తెలిసీ పోయిన నెల రెండు గిన్నెలు తాగారు.”

లారస్‌ని సంచిలో కూర్చోబెట్టారు. మిగతా పిల్లలైతే ఈ సంచిలో గింజుకుంటారు, గుక్కపెడతారు. ఈ పిల్ల బకిలుని ఒకసారి తాకి, చెయ్యి దించేసి, అలా వేలాడుతూ కూర్చుంది. గియెమ్‌కి అది నచ్చలేదు. కాటా ఏడున్నర చూపించింది.

దూలం వెనక బల్లి పలికింది. ఒకటి, రెండు. గియెమ్ అలవాటుగా విన్నది. ఆరు. ఆ తరవాత ‘టో’. అంతే.

నింగ్రుమ్ కార్డు తీసి చుక్క పెట్టింది. ముప్పై ఏళ్ళు లేవు, కళ్ళ కింద నల్లటి వలయాలు. తెల్లవారుజామునే పక్క పేటలో కాన్పు చేసి, ముఖం కడుక్కుని నేరుగా ఇటే వచ్చింది. పోయిన నెల ఏడు కిలోల ఎనిమిది వందలు, ఈ నెల ఏడున్నర. మూడు వందల గ్రాములు తగ్గింది.

“ఏం పెడుతున్నారు ఎంబా?”

“అన్నం, సోయా పులుసు. పాలు పడుతున్నాను.”

“ఏ పాలు?”

“డబ్బాలో చిక్కగా, తియ్యగా ఉంటాయే, అవి. వేణ్ణీళ్ళలో కలిపి.”

“అది టీలోకి ఎంబా, పిల్ల కడుపులోకి కాదు. అంతా పంచదారే. రోజూ ఒక గుడ్డు పెట్టండి, సోయా టెంపే ముక్క మెత్తగా నలిపి పెట్టండి. దగ్గుతోందేంటి?”

“పళ్ళు వస్తున్నాయిగా. మూడు వారాలై ఇలాగే ఉంది.”

నింగ్రుమ్ కార్డు మళ్ళీ చూసింది. పిల్ల లావా సన్నమా అని కాదు వాళ్ళు చూసేది, గీత నెలనెలా పైకి పోతోందా లేదా అని. ఒక్క నెల పడితే తిండి సంగతి చెప్పి పంపిస్తారు. వరసగా రెండు నెలలు పెరక్కపోతే కొండ కింద ఆరోగ్య కేంద్రానికి పంపించి తీరాలి. కార్డు మీద పడింది ఒక్క నెలే.

“వచ్చే నెల చూద్దాం ఎంబా. దగ్గు తగ్గకపోతే ఈలోగానే తీసుకురండి” అని, ఆవలింత ఆపుకుంటూ పెట్టె మూసింది.

గియెమ్ చెయ్యి చేతిసంచిలోని కాగితం మీద ఉంది. తియ్యలేదు. ముసలితనంతో తప్పేది ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా తప్పుతుంది. తనైతే అలాగే తప్పుతుంది. ఈ బల్లి రెండు నెలలుగా తక్కువే పలుకుతోంది, ఒక్కసారైనా ఎక్కువ పలకలేదు. ఆమె కొత్త సంచి వైపు చూసింది, అటు కొసన వేలాడుతున్న ఇసక మూట వైపు చూసింది. మూట పాతదే.

“ఒక్క నిమిషం ఆగండి బు నింగ్రుమ్” అంది.

పిల్లని దించి తుమినా చేతికిచ్చి, గుండుని సున్నా దగ్గరికి జరిపి వదిలేసింది. కడ్డీ సంచి వైపు ఒరిగిపోయి అలాగే ఉండిపోయింది.

పోయిన నెల ఈ సంచి కట్టినరోజు గియెమ్‌కి మోకాలు పట్టేసింది. ఇసక తరవాత సరిచేద్దాంలే అనుకుని పీట దిగిపోయింది. ఆ తరవాత మర్చిపోయింది. ఈ నెలా చూడలేదు. అందరికీ నేర్పే మనిషి, తనే చూడలేదు. గియెమ్‌కి సిగ్గుతో చెవులు కాలాయి.

ఆమె సావడి పక్కనున్న ఇసక కుప్ప దగ్గరికి వెళ్ళింది. ఇసక ఎత్తడానికి చేతికేమీ దొరకలేదు. చేతిసంచిలోని కాగితం తీసి, పొట్లంలా చుట్టి, ఇసక నింపుకుని వచ్చింది. మూటలో పోసింది. చాల్లేదు. మళ్ళీ వెళ్ళింది. మూడో పొట్లానికి కడ్డీ సమంగా నిలిచింది. చిరిగిన కాగితాన్ని ఉండచుట్టి పారేసింది.

లారస్‌ని మళ్ళీ కూర్చోబెట్టారు. ఆరు కిలోల తొమ్మిది వందలు. బల్లి ఆరు పలికి ‘టో’ అంది.

నింగ్రుమ్ నిద్రమత్తు వదిలిపోయింది. పోయిన నెల అంకెలోంచి ఆరు వందలు తీసేసి చుక్క మార్చింది. అంతకుముందు నెల చుక్క ఏడు కిలోల నాలుగు వందల దగ్గరుంది, అంటే గీత రెండు నెలలుగా కిందికే. పిల్ల మెడ తడిమింది. చెవి కింద బఠాణీగింజల్లా రెండు గడ్డలు తగిలాయి.

“ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా?”

“మా ఆయన. ఆయన దగ్గు ఇప్పటిదా, చుట్టల దగ్గు.”

నింగ్రుమ్ చీటీ రాసింది. “ఇవాళే వెళ్ళాలి ఎంబా. పిల్లని, తాతని, ఇద్దర్నీ తీసుకెళ్ళండి.”

తుమినా చీటీ అందుకోలేదు. “పోయిన నెల బంగారంలా పెరిగింది అన్నారు. లౌడ్‌స్పీకర్లో కూడా చెప్పారు. ఇప్పుడు పాడైపోయింది అంటారు. ఏది నమ్మమంటారు? నా కూతురికి ఫోన్లో ఏం చెప్పను? ఈ మాట విందంటే పని వదిలేసి వచ్చేస్తుంది.”

“తప్పు నాది ఎంబా” అంది గియెమ్. “కాటా తప్పు కాదు, నింగ్రుమ్ తప్పు కాదు. నేను ఇసక వెయ్యలేదు. నన్ను తిట్టండి. తిట్టుకుంటూ వెళ్ళండి, కానీ వెళ్ళండి.”

తుమినా పిల్లని గట్టిగా పట్టుకుని తల దించుకుంది. “నేనూ లెక్కపెట్టాను గియెమ్” అంది మెల్లగా. “పోయిన నెల ఏడే పలికింది. ఇప్పుడు మొదటిసారి కూర్చోబెట్టినప్పుడే ఆరున్నర పలికింది. నా వేళ్ళ మీదే లెక్క ఉంది. అది ముసలిదైపోయింటే బావుణ్ణనుకున్నాను.”

గియెమ్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తన మోటారు సైకిల్ వెనక సీట్లో తుమినానీ పిల్లనీ కూర్చోబెట్టుకుని, తనే నడుపుతూ కొండ కింద ఆరోగ్య కేంద్రానికి దింపింది. తాత బస్సులో వచ్చాడు.

క్షయ. తాతకీ, తాత దగ్గు నుంచి పిల్లకీ. ఇంకో నెల ఆగి ఉంటే మెదడుకి ఎక్కి ఉండేదేమోనన్నాడు డాక్టరు. ఇద్దరికీ ఆరు నెలల మందులు. పిల్లకి నీళ్ళలో కరిగే బిళ్ళలు. మొదలుపెట్టిన రెండో రోజే పిల్లకి ఉచ్చ ఎర్రగా వస్తోందని తుమినా పరిగెత్తుకుంటూ గియెమ్ ఇంటికి వచ్చింది. మందు రంగే అలా వస్తుందని చెప్పి, టీ ఇచ్చి, వెనక్కి పంపించడానికి గంట పట్టింది.

ఆ వారమంతా గియెమ్ కాటా మోసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ముప్పైమంది పిల్లల్నీ మళ్ళీ తూచింది. “పోయిన నెల మా వాడు పహిల్వాన్ అన్నావుగా గియెమ్ అక్కా?” అని ఎగతాళి చేశారు తల్లులు. ప్రశంసాపత్రం పక్క పేటకి పోయింది. గ్రామాధికారి నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకది విశ్రాంతిగానే అనిపించింది.

తరవాతి నెల బుధవారం బల్లి లారస్‌కి ఏడు పలికింది. తుమినా ఏడు వేళ్ళు మడిచి, ఎనిమిదోది మడవకుండా నిలబెట్టుకుని దూలం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ పైనెల ఏడూ, ‘టో’. ఆ వేలు అలాగే ఉంది. ఇంకో నెల కూడా అంతే.

మందులు మొదలుపెట్టిన అయిదో నెల, లారస్ సంచిలో కూర్చోనని గోలపెట్టింది. కాళ్ళు విదిలించింది. నింగ్రుమ్ కళ్ళజోడు లాగి కింద పడేసింది. ముగ్గురు పట్టుకుంటే గానీ కుదరలేదు. బల్లి మొదలుపెట్టింది. ఏడు దాటాక కొంచెం ఆగింది.

టోకే.

తుమినా ఎనిమిదో వేలు మడిచి, ఆ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గియెమ్ కార్డు మీద ఎనిమిది అని రాసేసింది. రాశాక ఏదో గుర్తొచ్చి, మోకాళ్ళని తిట్టుకుంటూ లేచి, కాటా కూడా చూసింది.